భర్త బండి మీదే ఉండిపోతే బిడ్డకు హెచ్‌ఐవీ నుంచి రక్షణ ఎలా?

సర్కారు ఆసుపత్రిలో గర్భిణుల పరీక్షల రోజున ఓసారి చూడండి. భార్యలు ఓపీ చీటీతో లైన్లో నిలబడితే, భర్తలు గేటు బయట బండ్ల మీద ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. దింపడం, తిరిగి తీసుకెళ్లడం వరకే తమ పని అనుకుంటారు. వాళ్లను లోపలికి రమ్మన్నవాళ్లూ తక్కువే లెండి.

హెచ్‌ఐవీ దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి ఆడవాళ్ల మెడకు చుట్టుకుంటోంది. కడుపుతో ఉన్నప్పుడు మామూలుగా ఈ రక్తపరీక్ష కూడా చేస్తారు కాబట్టి ఇంట్లో అందరికన్నా ముందు బయటపడేది కోడలి సంగతే. ముందు బయటపడ్డ మనిషే జబ్బు తెచ్చిన మనిషైపోతుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు, కానీ అత్తింట్లో ఆ మాట వినేదెవరు?

మందులకు కొరత లేదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, అంటే ఏఆర్‌టీ, మన దేశంలో 2004 నుంచి ఉచితం. 2014 నుంచి పాజిటివ్ వచ్చిన ప్రతి గర్భిణికీ సీడీ4 (రోగనిరోధక కణాల) లెక్కతో పనిలేకుండా జీవితాంతం మందులిస్తున్నారు. ఏమీ వాడకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సక్రమంగా వాడితే 5 శాతం లోపే. చిక్కంతా ఆ సక్రమంగా వాడడంలోనే ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తే మాత్రల డబ్బా ఎవరి కంటా పడకుండా దాచాలి, బిడ్డకు వైరస్ సోకకుండా ఇచ్చే నెవిరపిన్ సిరప్ ఎందుకు పోస్తున్నావంటే ఏదో ఒకటి చెప్పాలి, ఆరు వారాలకు బిడ్డ రక్తపరీక్షకు వంక వెతకాలి. భర్తకు తెలియకుండా ఇదంతా ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది?

హెచ్‌ఐవీ నెగెటివ్ వచ్చిన భార్య సంగతి పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ. భర్తకు హెచ్‌ఐవీ ఉండి, గర్భంతోనో పాలిచ్చేటప్పుడో ఆమెకు కొత్తగా సోకితే, ఆ తొలి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. బిడ్డకు ముప్పు బాగా ఎక్కువయ్యే సమయమది. మొదటి పరీక్షలో నెగెటివ్ వచ్చిందని కార్డులో రాసి ఊరుకుంటే ఇది దొరకదు.

భార్యది ఓ నెగెటివ్ లాంటి నెగెటివ్ బ్లడ్ గ్రూపైతే భర్త గ్రూపు కూడా చూపించమని డాక్టర్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. మగవాళ్లు మారుమాట లేకుండా వచ్చి సూది పొడిపించుకుంటున్నారు. అదే రోజు బీపీ, షుగర్‌తో పాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా, చెప్పి, ఒప్పించి చేయొచ్చు. భార్యకు తోడుగా కాదు, తన ఆరోగ్యం కోసం వచ్చిన మనిషిగా చూస్తే బెదురు సగం తగ్గుతుంది. కెన్యాలోని కిసుములో గర్భిణులు, బాలింతల చేతికే, ఎవరికి వారు హెచ్‌ఐవీ చూసుకునే స్వీయపరీక్ష కిట్లు ఇచ్చి చూశారు. పదిలో తొమ్మిది మంది భర్తలు పరీక్ష చేసుకున్నారు. భర్తను పరీక్షకు రమ్మని ఉత్త ఆహ్వానపత్రం ఇచ్చినచోట సుమారు సగం మందే.

అలాగని భర్తను తెస్తేనే చూస్తామనే రూలు పెడితే మొదటికే మోసం. వదిలేసినవాళ్లు, భర్త పోయినవాళ్లు, దెబ్బలు తినేవాళ్లు ఆసుపత్రి ముఖమే చూడరు. మన 2017 హెచ్‌ఐవీ చట్టం ఈ భయాన్ని గుర్తించింది. చెబితే హింసకో, వదిలేయడానికో దారితీస్తుందనిపిస్తే, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, ఆసుపత్రివాళ్లు భాగస్వామికి చెప్పవద్దంది. కాబట్టి కౌన్సెలర్ ముందు అడగాల్సింది ‘మీ ఆయన్ని ఎప్పుడు తీసుకొస్తావమ్మా’ అని కాదు, ‘ఆయనకు తెలిస్తే ఇంట్లో ఏమవుతుందమ్మా’ అని.