చప్పట్లతో పూట గడవదు

ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాల పూర్వీకులు మరాఠీ ప్రాంతం నుంచి వలస వచ్చినవారు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూనే, తెర వెనుక దీపం వెలిగించి ఊరూరా తెలుగులో రామాయణ భారత కథలు ఆడిన ఆ కుటుంబాలకు ఈ నేల మీద బతుకుతెరువు చూపింది కళే. ఏటా జూన్ 20న ప్రపంచ శరణార్థుల దినోత్సవం సందర్భంగా కళలు నిరాశ్రయులకు అండగా నిలుస్తాయని చెప్పేవారు ఉదాహరణ కోసం దూరదేశాలు వెతకనక్కరలేదు.

అయితే ఆ అండ ఎంత పలచనిదో కూడా నిమ్మలకుంటే చెబుతుంది. సినిమా, టీవీ వచ్చి ఆటకు ప్రేక్షకులు తగ్గాక, అదే మేకతోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అక్కడివారు నిలదొక్కుకున్నారు. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఇదంతా సంతోషించదగినదే కానీ, తోలుబొమ్మలాటలో నవ్వులు పంచే కేతిగాడు బంగారక్కల సరసం ల్యాంప్‌షేడ్ మీద వినపడదు. వస్తువు అమ్ముడుపోతున్నది, దాని వెంట ఉండవలసిన పాట, మాట, హాస్యం మాత్రం నేర్చుకునేవారు లేక పెద్దల నోళ్లలోనే ఆగిపోతున్నాయి.

ఉరుము అనే వాద్యం మోగిస్తూ ఆడే అనంతపురం జిల్లా ఉరుముల కళాకారులది మరింత కష్టమైన స్థితి. గ్రామదేవత జాతరలో ఉరుము మోగవలసిందే, కానీ దానిని మోగించే దళిత కళాకారుడికి జాతర ముగిశాక ఊరు ఇచ్చే మర్యాద ఏపాటిదో అందరికీ తెలుసు. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని ఢమరుకం వాయించే గొరవయ్యలనే జానపద కళాకారులను సైతం అతిథుల స్వాగతానికి పిలిపించి, ఎండలో నిలబెట్టి, ఫొటోలు తీసుకుని పంపేయడం ఆనవాయితీగా మారింది. అణగారినవారికి కళ ద్వారా చేయూత అంటే ఇదేనని పాలకులు భావిస్తే, అది వారి ముస్తాబుకు పనికివస్తుందేమో గాని కళాకారుడికి ఒరిగేదేమీ లేదు.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ‘మేడ్51’ పేరుతో నడుపుతున్న కార్యక్రమం ఇక్కడ గమనించదగినది. 1951 నాటి శరణార్థుల ఒప్పందాన్ని గుర్తుచేసే ఆ పేరుతో, శరణార్థులైన చేతివృత్తులవారి ఉత్పత్తులను మార్కెట్‌కు చేరుస్తున్నారు. ఆ ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, కానీ పనికి తగిన ధర చెల్లించాలన్న నీతికి సంతకాలతో పనిలేదు.

భూమి, ఇల్లు, తాగునీరు లేనివారికి పాటలేమిటని ప్రశ్నించేవారి మాటలో నిజముంది. పట్టా ఇవ్వవలసిన చోట పండుగ జరిపి చేతులు దులుపుకోవడాన్ని మేమూ సమర్థించము. కానీ సాయంతో పాటు గౌరవమూ అడిగే హక్కు ఆ కుటుంబాలకు ఉన్నది. పనికోసం పెద్దలు గుంటూరు మిరప చేలకు, బెంగళూరుకు వలసపోతే ఊళ్లో మిగిలిపోయే పిల్లల కోసం నడిచే వసతిగృహాల్లో ఉరుములు, గొరవయ్యల ఆట, తోలుబొమ్మలాట నేర్పించవచ్చు. నేర్పేవారిగా ఆ కళాకారులనే నెలజీతంపై నియమించాలి. ప్రభుత్వ కార్యక్రమానికి పిలిచినప్పుడు పారితోషికం ఎంతో ముందే రాతపూర్వకంగా తెలిపి, దారిఖర్చులతో సహా నిర్ణీత గడువులోగా నేరుగా వారి బ్యాంకు ఖాతాలో జమచేయాలి. ఏ కళకు ఎంత, ఎవరికి ఎప్పుడు అన్నది తేల్చే జిల్లా కమిటీలో అధికారులతో సమానంగా ఉరుముల వాళ్లు, గొరవయ్యలు, బొమ్మలాట వాళ్లు కూర్చోవాలి.