స్వాల్‌బార్డ్ నార్వేదే, కానీ ఓటు సంగతేంటి?

ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు ఏ దేశానికీ చెందవని ఒక వ్యాసంలో రాశారు. అది సరికాదు. 1920 ఒప్పందం ప్రకారం ఆ దీవులు నార్వేవే. అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బియెన్‌లో ఉండే గవర్నరే అక్కడి పోలీసు అధిపతి కూడా. అయితే సంతకం చేసిన దేశాల పౌరులందరికీ గనులు తవ్వుకోవడానికి, వ్యాపారం చేసుకోవడానికి సమాన హక్కుంది. అక్కడి బారెంట్స్‌బర్గ్ ఊళ్లో రష్యా వాళ్ల బొగ్గు గని అలా వచ్చిందే. మన దేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది. ఆ దీవుల్లోని నీ-ఓలెసున్‌ అనే ఊళ్లో మన హిమాద్రి పరిశోధన కేంద్రం 2008లో మొదలైంది.

స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదని చదివి టికెట్లు కొనేయకండి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ విమానం నార్వే మీదుగానే కాబట్టి రెండుసార్లు ప్రవేశించే షెంజెన్ వీసా (నార్వే సహా పలు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) కావాలి.

నన్ను బాధపెట్టేది 2022 నాటి మార్పు. నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు నివసించని విదేశీయులకు స్థానిక కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు తీసేశారు. ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తూ, పిల్లల్ని అక్కడి బడికే పంపే థాయ్, ఫిలిప్పీన్స్ కుటుంబాలకు ఆ బడి ఖర్చు మీద కూడా మాట లేకుండా చేయడం అన్యాయం.