సవరణ: ఎంఏ పొలిటికల్ సైన్స్ లెక్కలో నేను చేసిన తప్పులు

డిగ్రీ తర్వాత ఎంఏ పొలిటికల్ సైన్స్‌కు ఎంత ఖర్చవుతుంది, చదివాక ఏం చేయొచ్చు అని పోయిన వారం రాశాను. అందులో కొన్ని తప్పులు దొర్లాయి.

జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) నెలకు 31,000 రూపాయలని రాశాను. అది పాత లెక్క. 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. పైగా నెట్ (ఈ ఫెలోషిప్‌కూ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ పెట్టే జాతీయ పరీక్ష) పాసైన అందరికీ ఈ డబ్బు వస్తుందన్నట్టు రాశాను. అలా కాదు. జేఆర్‌ఎఫ్‌కు అర్హత సాధించి, పీహెచ్‌డీలో చేరినవాళ్లకే వస్తుంది. జనరల్ అభ్యర్థులకైతే నెట్ కోసం పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎంఏ ఎలాగోలా గట్టెక్కితే చాలనుకునేవాళ్లకు ఇక్కడే దెబ్బ.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. సివిల్స్‌లో ఈ సబ్జెక్టును ఆప్షనల్‌గా (మెయిన్స్ పరీక్షలో మనం ఎంచుకునే సబ్జెక్టుగా) తీసుకోవాలంటే ఎంఏ ఉండాలన్నాను. అక్కర్లేదు. ఇంజినీరింగ్ చదివినవాళ్లూ తీసుకోవచ్చు. రెండు పేపర్లకు కలిపి 500 మార్కులు. కేవలం దానికోసమే రెండేళ్లు ఎంఏలో కూర్చోవడం, నా ఉద్దేశంలో, దండగ.

ఇక ఖర్చు. నేను ట్యూషన్ ఫీజు ఒక్కటే లెక్కేసి "చవక" అనేశాను. రూమ్, మెస్ కలిపి నెలకు 6,000 అనుకున్నా 24 నెలలకు 1,44,000 అవుతుంది. ఆ రెండేళ్లలో రాని జీతం సంగతి వేరే. మా అమ్మ ఆ పోస్టు చదివి అడిగిన మొదటి ప్రశ్న: "మరి తిండి?"