మామూలు ఫ్లూయే కదా బావా!

మొన్న రాత్రి మా బావ ఫోన్ చేసి నన్ను క్షమించాడు. 2020లో లోకమంతా కరోనాతో అల్లాడుతుంటే, నేను వెళ్ళి ఫ్లూ టీకా వేయించుకున్న నేరాన్ని అన్నమాట. "చూశావుగా బావా, ఆ ఏడాది ఫ్లూ రానే లేదట. అనవసరంగా పొడిపించుకున్నావు. పోనీలే, ఎవరైనా పొరబడతారు" అన్నాడు. ఇన్నేళ్ళకు దొరికిన ఈ క్షమాభిక్షకు ఎంత పొంగిపోయానంటే, తెల్లారేదాకా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

నేరం ఒప్పుకుంటున్నాను. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఇది మహమ్మారి' అని ప్రకటించాక, మర్యాదస్తులకు రాదగ్గ జబ్బు ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ పరువు పోగొట్టుకుని మూలన కూర్చున్నాయి. అలాంటి రోజుల్లో, అదే సంస్థ లెక్క ప్రకారం ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది ప్రాణాలు తీసే ఒక ముతక జబ్బును గుర్తుపెట్టుకుని, దాని కోసం పనిగట్టుకుని క్యూలో నిలబడటం ఎంత మోటుతనం!

మా బావ దగ్గర ఒక మంత్రం ఉంది. 'మామూలు'. ఫ్లూకి ముందు ఆ మాట తగిలిస్తే చాలు, దాని కోరలు రాలిపోతాయి. 1918లో వచ్చి సుమారు 5 కోట్ల మందిని పట్టుకుపోయింది కూడా ఫ్లూయే. పాపం, అప్పటికి మా బావ పుట్టలేదు. 'మామూలుదేలెండి' అని ధైర్యం చెప్పే నాథుడు లేకే అంతమంది పోయి ఉంటారు.

ఆయన అజాగ్రత్త మనిషి అనుకునేరు. ఆ రోజుల్లో లిఫ్టు బటన్ను మోచేత్తో నొక్కేవాడు. ఇంటికొచ్చిన కాగితమల్లా ఎండలో పడి ఉండేది. అంత శుచిమంతుడు, ఫ్లూ టీకా క్యూలో నా వెనక ప్రత్యక్షమయ్యాడు. నేల మీద ఆరడుగులకొక గుండ్రం గీసి ఉంది. మనిషికొక గుండ్రం. అత్తయ్య గుండ్రంలోనే, అత్తయ్య భుజం మీదుగా బావ. మాస్కు ఉంది, గడ్డం కింద.

"టీకాకేనా బావా?" అన్నాను.

"నాకెందుకు? అమ్మకి తోడొచ్చా" అని, గుండ్రంలోంచి ఒక కాలు బయట పెట్టి ఉపన్యాసం మొదలెట్టాడు. ఈ సూది వేయించుకుంటేనే ఫ్లూ వస్తుందట. వాళ్ళ ఆఫీసులో ఒకాయనకి మర్నాడే తుమ్ములట. ఆ సూదిమందులో ఉండేది చచ్చిన వైరస్. అది ప్రపంచంలో ఇంకెక్కడా లేవలేదు గానీ, మా బావ ఆఫీసులో మాత్రం లేచి కూర్చుంది. టీకా పని మొదలెట్టడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, మర్నాడే తుమ్మిన పెద్దమనిషి ఆ తుమ్ముని ముందే ఎక్కడో సంపాదించుకుని ఉండాలి. మాస్కు గడ్డం కింద పెట్టుకున్న సహోద్యోగి ఎవరి దగ్గరనుంచో.

"అయినా ఏటేటా ఎందుకంట? కంపెనీల వ్యాపారం కాకపోతే!" ఫ్లూ వైరస్ ఊసరవెల్లికి అన్నగారు. పోయినేడు పొడిపించుకున్న సూది ఈ ఏడు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. అందుకే నిపుణులు ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ ఏ రకాలు తిరుగుతాయో అంచనా కట్టి టీకాను మారుస్తారు. మా బావ వాదనకు ఈ ఇబ్బంది లేదు. ఒకసారి తయారైంది, అంతే.

"పోనీ, ఇది వేయించుకుంటే కరోనా రాదా?"

"అది వేరే వైరస్ బావా. దీనికీ దానికీ సంబంధం లేదు."

"మరింకేం, దండగే!"

అంటే వీధి తలుపు విరిగింది కాబట్టి పెరటి తలుపు కూడా బార్లా తీసి పడుకోవాలి. ఒక్క దగ్గు వినపడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకునే రోజులవి. ఆ దగ్గు కరోనాదో ఫ్లూదో పరీక్ష చేస్తే గానీ తెలియదు. ఆసుపత్రుల్లో మంచం దొరకడమే గగనం. అలాంటప్పుడు దగ్గేవాళ్ళు కొందరైనా తగ్గితే మేలని తోచడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

నూటికి నూరుపాళ్ళు పనిచేయదన్నది తర్వాతి అభ్యంతరం. నిజమే. అంచనా బాగా కుదిరిన ఏడాది కూడా డాక్టరు దగ్గరికి పరిగెత్తే అవసరాన్ని నూటికి 40 నుంచి 60 పాళ్ళు తగ్గిస్తుంది, అంతే. గొడుగు వేసుకున్నా మోకాళ్ళు తడుస్తాయని మా బావ నిండా తడవడానికే ఓటేశాడు.

ఇంతవరకూ నవ్వుతూనే విన్నాను. అప్పుడన్నాడు: "అయినా ఫ్లూతో పోయేది ముసలివాళ్ళూ, ముందే జబ్బులున్నవాళ్ళే కదా బావా. మనకేం?"

అత్తయ్య అక్కడే ఉంది. 78 ఏళ్ళు. చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని, ఎదుటి గోడని చూస్తూ నిలబడింది.

'వాళ్ళే కదా' ఏమిట్రా? ఎవరు నీకు ఆ పద్దు రాసిచ్చింది, పోతే ఫరవాలేని వాళ్ళు వీళ్ళూ అని? నిన్ను మోసి పెంచిన మనిషిని పక్కన పెట్టుకుని ఆ మాట ఎలా వచ్చింది నోట? ముసలి ఒంట్లో ఈ టీకా పట్టవలసినంత పట్టదు. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు అసలు వేయనే వేయరు. వాళ్ళని కాయవలసింది పక్కన తిరిగే మన జబ్బలు. తల్లికి సూది వేయించి, నువ్వు మాత్రం ఫ్లూని మోసుకొచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చుంటావా? తోడొచ్చాట్ట, తోడు! ఆ రోజు క్యూలో ఇదంతా అనలేదు. బావ కదా అని ఊరుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరే, ఫోన్లో చెప్పిన సంగతికొద్దాం. ఆ ఏడాది ఫ్లూ దాదాపు కనపడలేదు. కనపడదు మరి! బళ్ళు మూసి, విమానాలు ఆపి, మనుషులు ముక్కులు కప్పుకుని ఇళ్ళలో కూర్చుంటే, ఒకరి గొంతులోంచి ఇంకొకరి గొంతులోకి దూకి బతికే వైరస్ ఏం చేస్తుంది? ఫ్లూ బి రకంలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ఎక్కడా రూఢిగా కనిపించలేదు. దాన్నిక టీకాలో కలపక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో చెప్పింది. ఒక వైరస్ శాఖ మొత్తం మాయమైంది, మా బావ గడ్డం సహాయం లేకుండానే. ఇవన్నీ ముందే తెలియడానికి ఆ రోజు క్యూలో ఉన్నవాళ్ళం జ్యోతిష్కులం కాదు. ఉన్న ఒక్క జ్యోతిష్కుడూ ఫలితం చెప్పడానికి ఇన్నేళ్ళు తీసుకున్నాడు.

అన్నట్టు, క్యూ చివర్లో జరిగింది చెప్పలేదు కదూ. అత్తయ్య వంతు వచ్చింది. నర్సమ్మ సూది విప్పుతూ బావ వైపు చూసి, "మీరూ జబ్బ చూపించండి, ఒక్క నిమిషం పని" అంది. బావ మాట్లాడలేదు. అంతసేపూ ఆగని మనిషి మొదటిసారి ఆగాడు. ఆయన చూపు సూది మొన మీద ఉంది. ముఖం పాలిపోయింది.

టీకా అయ్యాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టే గదిలోకి ఇద్దర్నీ తీసుకొచ్చారు. బావ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. అత్తయ్య తన చీటీతో అతనికి విసురుతోంది. ఇంకో నర్సు గాభరాగా పరిగెత్తుకొచ్చి, "టీకా వేసి ఎంతసేపయింది ఈయనకి?" అంది.

"సూది నాకమ్మా," అంది అత్తయ్య, విసరడం ఆపకుండా. "కళ్ళు తిరిగింది వీడికి."