టీపాట్ కడిగేదెవరు?

(పాతకాలపు పద్ధతిలో ఇంటిల్లిపాదీ టీపాట్ చుట్టూ కూర్చుని సాయంత్రం టీ తాగాలా, ఎవరి కప్పులో వాళ్లు బ్యాగు ముంచుకుంటే చాలా? వదినా మరదళ్ల వాదన ఇది.)

వదిన: బ్యాగు వేసుకుని ఎవరి గదిలోకి వాళ్లు పోతే దాన్ని టీ తాగడం అనను. మరిగిన నీళ్లు కాసిని టీపాట్‌లో పోసి, తిప్పి పారబొయ్యి. చల్లటి పింగాణీలో నేరుగా పోస్తే నీళ్ల వేడి తగ్గి డికాషన్ సరిగా దిగదు. నలుగురికి 800 మిల్లీలీటర్లు, 10 గ్రాముల ఆకు, మూత పెట్టి 4 నిమిషాలు. ఆ 4 నిమిషాలూ అందరూ ఒకచోట కూర్చుంటారు చూడు, నాక్కావలసింది అదే.

మరదలు: కూర్చునేది ముగ్గురే వదినా. నాలుగో మనిషి పొయ్యి దగ్గరే ఉంటుంది. ఆ రోజులే వేరు అనేవాళ్లంతా కూర్చుని తాగినవాళ్లే. వడగట్టి, అందించి, పిప్పి ఎత్తిపోసినావిడను ఎవరూ అడగలేదు.

వదిన: అయితే పని పంచు, టీపాట్‌ను తిడతావెందుకు? బ్యాగులో ఉండేది ఎక్కువగా నలిగిన పొడి. నిమిషంలో రంగు ఇస్తుంది, వెనకే వగరూ ఇస్తుంది. నువ్వేమో ఫోన్ చూస్తూ దాన్ని కప్పులోనే మరిచిపోతావు.

మరదలు: నీ టీపాట్‌లో మాత్రం? మొదటి విడత పోశాక ఆకు అందులోనే నానుతుంటుంది. పావుగంట తర్వాత రెండో కప్పు అడిగినవాడికి నాలుక ముడుచుకుపోతుంది.

వదిన: అందుకే లోపల జల్లెడబుట్ట ఉన్నది కొనాలి. టైము కాగానే బుట్ట పైకి తీసెయ్యాలి. వెడల్పాటి బుట్ట సుమా! గుడ్డులాంటి ఇరుకు డబ్బీలో ఆకు విచ్చుకోవడానికి చోటుండదు, సారం సరిగా దిగదు. గ్రీన్ టీ అయితే 75–80 డిగ్రీల నీళ్లు, 2 నిమిషాలు. సలసల కాగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది.

మరదలు: పిల్లల్నీ కూర్చోబెడతావుగా! కప్పు బ్లాక్ టీలో దాదాపు 40–50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. సాయంత్రం 6కి తాగితే, పెద్దవాళ్లకే రాత్రి 11 ప్రాంతాల్లో కూడా సగం ఒంట్లో ఉంటుంది. పైగా భోజనంతోపాటు తాగితే తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రక్తం తక్కువున్నవాళ్లకు అది మరీ ఇబ్బంది.

వదిన: పిల్లలకు అవే కప్పుల్లో పాలు. భోజనానికీ టీకీ గంట ఎడం, ఒప్పుకున్నా. 4 గంటలకు పెడదాం.

మరదలు: 4కి ఇంట్లో ఎవరుంటారు? ఆదివారం ఒక్కటీ చాలు. రోజూ అన్నావో, పదోరోజుకి అది హాజరుపట్టీ అయి కూర్చుంటుంది.

వదిన: సరే, ఆదివారం. ఫోన్లు మాత్రం పక్క గదిలో.

మరదలు: నీదీనా?

వదిన: టైమర్ పెట్టాలి కదే...

మరదలు: గోడ గడియారం ఉంది. ఇక కడగడం సంగతి చెప్పు.

వదిన: లోపలి గోధుమరంగు పొరలోనే రుచి ఉందంటారు గానీ, నున్నటి పింగాణీకి ఆ మాట చెల్లదు. చెంచాడు వంటసోడా వేసి, వేడినీళ్లు పోసి అరగంట నానబెట్టాలి. ముక్కులోకి సన్న బ్రష్ పోనివ్వాలి. తడి ఆరకుండా మూత పెడితే ముక్కవాసన వస్తుంది.

మరదలు: ఎలాగో కాదు, ఎవరో చెప్పు.

వదిన: మీ అన్నయ్య.

మరదలు: అన్నయ్యా? అయితే మూత ఇంకోటి కొని ఉంచుకో.