సూదికి ముందే శాంపిల్ తీయాలి

ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2007లో కలరా వచ్చింది. పక్కనున్న కొరాపుట్, కలహండి పల్లెలు కలుపుకుంటే వంద మందికి పైగా పోయారు. 2022 జులైలో అదే కాశీపూర్‌లో మళ్లీ కలరా. రెండుసార్లూ మొదట వినపడింది ‘వాంతులు, విరేచనాలు’ అన్న మాటే. పేరు తేలేసరికి కొన్ని ఇళ్లల్లో శవాలు లేచాయి. ఈ మధ్యలో రోడ్లు పడ్డాయి, ల్యాబులు పెరిగాయి, 2017లో కొరాపుట్‌కి మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. మొదటి రోగి దగ్గర మాత్రం మనం ఉన్నచోటే ఉన్నాం.

సరిహద్దు జిల్లాల్లో రోగం ఆలస్యంగా తేలడానికి కారణం మెషీన్లు లేకపోవడం కాదు. మెషీను దాకా వెళ్లాల్సిన మొదటి శాంపిల్‌ని ఎవరూ తీయకపోవడం. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో పరీక్ష చేసేవాళ్లున్నారు, భువనేశ్వర్‌లో ఐసీఎంఆర్ వాళ్ల ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది, ఇవతల విశాఖ కేజీహెచ్ ఉంది. వీటిలో దేనికైనా శాంపిల్ వెళ్లేసరికి అందులో పసే ఉండదు.

ఎందుకుండదో గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ చుట్టుపక్కల తెలుగు ఇళ్లల్లో ఎవరినడిగినా చెబుతారు. జ్వరమొస్తే మొదటి రోజు మెడికల్ షాపు బిళ్లలు. రెండో రోజు ఆర్‌ఎంపీ. ‘సూది వేసేయండి డాక్టర్‌గారూ, రేపు పనికెళ్లాలి’ అంటారు. ఆయన వేస్తాడు. ఆయన వేయకపోతే పక్క వీధిలో ఇంకొకాయన వేస్తాడు. సూదిలో యాంటీబయాటిక్, చేతికి సెలైన్, ఇంటికి తీసుకెళ్లడానికి మరో స్ట్రిప్. నాలుగో రోజుకీ తగ్గకపోతే అప్పుడు టౌన్‌కి ప్రయాణం. అప్పటికి రక్తం కల్చర్‌కి పంపినా క్రిమి పెరగకపోవచ్చు. విరేచనాల శాంపిలూ అంతే. ఒక్క డోసు డాక్సీసైక్లిన్ పడ్డాక కలరా క్రిమిని పట్టుకోవడం కష్టం.

ఇక టౌన్ ల్యాబులో చేసేదేమిటి? వైడల్. చిన్న కాగితం మీద ‘ఓ 1:160’ అని రాసి కింద ఎర్ర ఇంకుతో గీత గీస్తారు. అంతే, టైఫాయిడ్ ఖాయం. ఈ పరీక్ష టైఫాయిడ్ క్రిమిని వెతకదు, దాని మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను కొలుస్తుంది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కి పాజిటివ్ చూపించగలదు, వేరే జ్వరాలకీ చూపించగలదు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగింతలైతేనే దాన్ని కాస్త నమ్మొచ్చు. రెండోసారి చేయించుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. మా వైపు వానాకాలం జ్వరాలన్నీ ‘మలేరియా, టైఫాయిడ్ రెండూ కలిసొచ్చినవే’.

వాటిలో కొన్ని నిజానికి స్క్రబ్ టైఫస్ అయి ఉంటాయి. పొదల్లో, జీడితోటల్లో, పోడు చేలల్లో తిరిగేవాళ్లను కంటికి ఆనని పురుగుపిల్ల కుడుతుంది. కుట్టినచోట చుట్టతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, లంగా బొందు బిగించేచోట. నొప్పీ దురదా పెద్దగా ఉండవు కాబట్టి రోగి చెప్పడు. చూడాలంటే బట్ట తొలగించి చూడాలి. మనిషికి రెండు నిమిషాలు దొరికే ఓపీలో చొక్కా ఎవరు విప్పిస్తారు? ఆడమనిషిని చూడాలంటే పక్కన నర్సమ్మ ఉండాలి, చాటుగా ఒక కర్టెన్ ఉండాలి. ఆ కర్టెన్ లేక ఎన్ని స్క్రబ్ టైఫస్‌లు టైఫాయిడ్లుగా చలామణి అయ్యాయో! పెచ్చు అందరిలోనూ కనపడదు, నిజమే. కనపడితే మాత్రం ఏ మెషీనూ అక్కర్లేదు. కలరా కల్చర్‌ని చెడగొట్టే ఆ డాక్సీసైక్లినే ఇక్కడ ప్రాణం నిలబెడుతుంది. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. మందు ఒకటే. ఎవరికి, ఎప్పుడు, దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వడంలోనే ఉంది వైద్యమంతా.

ఒడిశాలోనే మల్కన్‌గిరి జిల్లా సంగతి చూడండి. 2016 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అక్కడ వంద మందికి పైగా పిల్లలు చనిపోయారు. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లాడు పొద్దున్నే వాంతులతో లేచి, మూర్ఛలొచ్చి, స్పృహ తప్పి పోయాడు. పందుల నుంచి దోమల ద్వారా మనిషికి వచ్చే మెదడువాపు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. దోమల మందు కొట్టారు, పందులను ఊళ్లకు దూరంగా పెట్టించారు. పాపం పందులు పెంచుకునేవాళ్లు ఊరి కోపమంతా మోశారు. కొందరు పిల్లల్లో ఆ వైరస్ తేలింది కూడా. మరి తేలని పిల్లల మాటేమిటి? వైరస్ నిపుణుడు టి. జాకబ్ జాన్ బృందం వచ్చి చూశాక ఇంకో శత్రువు బయటపడింది. ఒడియావాళ్లు బన చకుండా అనే మొక్క, మన కసింద. చేలగట్ల మీద, ఇళ్ల వెనకాల విచ్చలవిడిగా పెరుగుతుంది. దాని గింజలు తిన్న పిల్లలకు లివరూ మెదడూ ఒకేసారి దెబ్బతింటాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఇదే విషం పిల్లలను చంపుతోందని అంతకు ఏళ్ల ముందే డాక్టర్లు రాసిపెట్టారు. మల్కన్‌గిరిలో మాత్రం ఆ మాట నవంబరు దాకా రాలేదు.

మొదటి పదిమంది పిల్లల్లో వెన్నునీరు, రక్తం, లివర్ పరీక్షలు, రక్తంలో చక్కెర పద్ధతిగా చూసి, ‘నిన్న ఏం తిన్నావు’ అని తల్లినీ పిల్లాడినీ వాళ్ల భాషలో అడిగి ఉంటే? వైరస్ జబ్బు ఒక పక్క, గింజల విషం ఒక పక్క అని అప్పుడే విడదీయగలిగేవాళ్లు. దోమలమీద యుద్ధం చేస్తున్నన్ని రోజులూ కొన్ని పల్లెల్లో పిల్లలు ఆ గింజలు తింటూనే ఉన్నారన్నది తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మెదడువాపు అనగానే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనేయడం మనకు కొత్తేమీ కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జబ్బుపడి 183 మంది చనిపోయినప్పుడు, చివరికి పుణె వైరాలజీ సంస్థ తేల్చింది చండీపురా వైరస్ అని. 1965లో నాగ్‌పూర్ జిల్లాలో దొరికి, ఆ తర్వాత అందరూ మర్చిపోయిన వైరస్ అది.

త్వరగా తేలితే ఏమవుతుందో చెప్పడానికి నిపా వైరస్ చాలు. 2001లో పశ్చిమ బెంగాల్ సిలిగురిలో 66 మందికి సోకి 45 మంది పోయారు. ఎక్కువమందికి అంటింది ఆసుపత్రుల్లోనే. జబ్బు పేరు ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. 2018లో కోజికోడ్‌లో ఒకే ఇంట్లో రెండో మనిషి ఆసుపత్రిలో చేరగానే డాక్టర్లకు అనుమానమొచ్చింది, శాంపిళ్లు మణిపాల్ ల్యాబుకు వెళ్లాయి, రోజుల్లో పేరు తేలింది. అక్కడా 17 మంది పోయారు. కానీ కట్టడి ఆ పేరుతోనే మొదలైంది.

అందుకే మందుకు ముందే శాంపిల్ తీయాలి, అదీ పల్లెలోనే, ఆశాల చేతా ఆర్‌ఎంపీల చేతా తీయించాలి అంటాన్నేను. దీనికి డాక్టర్ల నుంచి వచ్చే అభ్యంతరం తేలికైనదేం కాదు. విరేచనాలవుతున్న మనిషికి ముందు ఓఆర్‌ఎస్, సెలైన్ కావాలి, రిపోర్టు కాదంటారు. పైగా ఆర్‌ఎంపీల చేతిలో టెస్ట్ కిట్లు పెడితే దొంగ వైద్యానికి ప్రభుత్వ ముద్ర వేసినట్టేనని, తప్పుడు పాజిటివ్‌లతో ఊళ్లల్లో టెన్షన్ పెరుగుతుందని కూడా అంటారు. మొదటిదానికి నా జవాబు సులువు. సెలైన్ ఆపమని ఎవరన్నారు? యాంటీబయాటిక్‌కి ముందు దూదిపుల్లతో ఒక స్వాబ్ తీయడానికి పట్టేది అర నిమిషం. శాంపిల్‌ని పాడవకుండా ఉంచే క్యారీ బ్లెయిర్ ట్యూబులో పెడితే కలరా శాంపిల్‌కి ఐసు కూడా అక్కర్లేదు, కొన్ని రోజులు నిలుస్తుంది. ఆర్‌ఎంపీల సంగతంటారా, వాళ్లు ఎలాగూ సూదులు వేస్తున్నారు. వేయడానికి లేదని చట్టం చెబుతున్నా వేస్తున్నారు. వాళ్లను మనుషులుగా లెక్కపెట్టనంత మాత్రాన రోగి వాళ్ల గడప తొక్కడం మానడు.

పల్లెలోనే పరీక్ష కుదరదనేవాళ్లకు ఇదే జిల్లాల నుంచి జవాబుంది. మలేరియా. ఆశా కార్యకర్త వేలు గుచ్చి ఒక చుక్క రక్తం కిట్ మీద వేస్తుంది, పావుగంట, ఇరవై నిమిషాల్లో గీతలు చూసి అక్కడే మాత్రలిస్తుంది. 2017లో ఒడిశా ‘దమన్’ పేరుతో మారుమూల పల్లెల్లో జ్వరం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ కలిపి ఈ పరీక్ష మొదలుపెట్టింది. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలు దాటిన కేసులు 2019కి నలభై వేల లోపుకి దిగాయి. తర్వాత మళ్లీ కొంత పెరిగాయి, అది వేరే కథ. పదో తరగతి కూడా దాటని ఆడవాళ్లు చేసి చూపించిన పని ఇది. ఆ చేతులకే స్వాబ్ ట్యూబు అందిస్తే తీయలేరా?

అసలు అడ్డంకి ఇంకోచోట ఉంది. సరిహద్దు దగ్గర. ఒడిశా పర్లాకిమిడికీ ఆంధ్రా పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ నది, అంతే. రాయగడవాళ్లకి భువనేశ్వర్ కంటే విశాఖ దగ్గర. ఇక్కడి తెలుగువాళ్లు జబ్బుచేస్తే పార్వతీపురం, శ్రీకాకుళం, విశాఖ వెళ్తారు, భాష తెలుసు, చుట్టాలున్నారు. ఆసుపత్రిలో ఆ చుట్టాల చిరునామాయే రాయిస్తారు. రోగం తేలుతుంది ఆంధ్రాలో, పుట్టింది ఒడిశాలో. ఆ కేసు శ్రీకాకుళం లెక్కలో పడుతుంది, నీళ్లు చెడిపోయిన బావి మాత్రం గజపతి జిల్లాలో అలాగే ఉంటుంది. రోగాల లెక్కలు ఎక్కించడానికి 2021 నుంచి కేంద్రం పోర్టల్ ఉందిగా అంటారు. ఉంది. తప్పు చిరునామాతో ఎక్కిన కేసును ఏ పోర్టల్ సరిచేస్తుంది?

కొఠియా చూస్తే ఈ నిర్లక్ష్యం ఇంకా బాగా అర్థమవుతుంది. సాలూరు పైనున్న ఆ 21 పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టులో తిరుగుతున్నాయి. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. రెండువైపుల కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి, రెండువైపులా ఓటేసినవాళ్లున్నారు. ఓటరు జాబితాలో పేరు కోసం కొండెక్కి వెళ్లగలిగిన ప్రభుత్వాలు, అక్కడ జ్వరమొచ్చిన పిల్లాడి రక్తం ఏ జిల్లా ల్యాబుకి వెళ్లాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోలేవా? పింఛను పంచడంలో ఉన్న పోటీ వెన్నునీరు తీయడంలో ఎందుకు లేదు? చనిపోయినవాళ్ల లెక్క కూడా రాజకీయమైపోయిన చోట్లు చూశాం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలతో ఎంతమంది పోయారన్నదే పార్టీల మధ్య తగువైంది.

భూమి ఎవరిదో కోర్టు తేల్చేదాకా శాంపిల్ ఆగనక్కర్లేదు. కొరాపుట్, రాయగడ, గజపతి, మన్యం, శ్రీకాకుళం జిల్లాల్లో రోగాల మీద నిఘా పెట్టే సర్వైలెన్స్ అధికారులు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోవచ్చు. కేసు షీటులో ‘ప్రస్తుత చిరునామా’ పక్కన ‘జబ్బు మొదలైన ఊరు’ అని ఇంకో గడి గీయొచ్చు. ఆశాకీ ఆర్‌ఎంపీకీ ట్యూబులిచ్చి, తెచ్చిన ప్రతి మంచి శాంపిల్‌కీ డబ్బులివ్వొచ్చు. సూది వేస్తే వచ్చే డబ్బు కంటే అది తక్కువైతే మాత్రం ఎవరూ తేరు, ఆ సంగతి ముందే చెప్తున్నా.