సవరణ: ‘రిపబ్లిక్ ఆఫ్ రోమ్’ ఆటలో పదవుల మెట్లు

అవలాన్ హిల్ 1990లో తెచ్చిన, ప్రాచీన రోమ్ రాజకీయాల మీద నడిచే ఈ బోర్డ్ గేమ్ గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, మన సెనేటర్ క్వెస్టర్‌గా (ఖజానా అధికారి) మొదలై, ఈడైల్ (నగర పనులు, ఉత్సవాలు చూసే అధికారి), ప్రీటర్ (న్యాయాధికారి) మీదుగా కాన్సుల్ (అన్నిటికంటే పై పదవి) దాకా ఎక్కుతాడని ఉంది. ఆ వాక్యం తీసేశాను. ఆ మెట్లు చరిత్రలోవి, ఆటలో లేవు.

ఆటలో నేరుగా కాన్సుల్ పదవికే పోటీ. ఇద్దరు ఎన్నికవుతారు, ఒకరు సెనేట్ నడిపిస్తే ఇంకొకరిది యుద్ధాల బాధ్యత. కాన్సుల్‌గా చేసినవాళ్లకే సెన్సార్ (సినిమాల సెన్సార్ కాదు, నడవడిక చూసే రోమన్ అధికారి) పదవి, అది చేతికొస్తే నిన్నటిదాకా పదవి వెలగబెట్టినవాళ్ల మీద కేసులు పెట్టొచ్చు, అసలు మజా అంతా అక్కడే ఉంది.

నిజం రోమ్‌లో మాత్రం, క్రీ.పూ. 81లో నియంత సుల్లా తెచ్చిన చట్టం ప్రకారం క్వెస్టర్‌కు కనీసం 30 ఏళ్లు, ప్రీటర్‌కు 39, కాన్సుల్‌కు 42 ఉండాలి. గొప్ప వక్త సిసిరో ఆ వయసు రాగానే, ఏమాత్రం ఆలస్యం లేకుండా క్రీ.పూ. 63లో కాన్సుల్ అయ్యాడు, అదీ వంశంలో అంతకుముందు ఎవరూ ఆ పదవి చూడకుండానే. ఈడైల్ తప్పనిసరి కాదు, కానీ జనానికి ఉత్సవాలు జరిపించి పేరు కొట్టేయడానికి భలే పనికొచ్చేది; సీజర్ క్రీ.పూ. 65లో గ్లాడియేటర్లను జతలు జతలుగా దింపి, ఉన్న అప్పులకు తోడు ఇంకా చేశాడు.

ఇంకొకటి, ‘చివరికి ఎవరో ఒకరు గెలుస్తారు’ అన్నది కూడా మార్చాను. ఒకరి కాళ్లు ఒకరు లాక్కుంటూ కూర్చుంటే నాలుగు యుద్ధాలు ఒకేసారి మీద పడి రోమ్ కూలిపోతుంది, అప్పుడు బల్ల చుట్టూ ఉన్న అందరూ ఓడినట్టే.